భారతక్క ముందే వేసిన ముడి

ఇందులో ప్రతి అక్షరం నిజమని, చేతిలో ఉన్న ఈ బత్తాయి మీద ఒట్టేసి చెబుతున్నాను. తొక్క తీయగానే ఆ ఘాటు ముక్కుకు తగిలింది, భారతక్క గుర్తొచ్చింది. మా కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌కు దిల్‌సుఖ్‌నగర్‌లో పెద్ద ఆఫీసు, ఎల్బీనగర్‌లో చిన్న బ్రాంచి ఉండేవి. ఆ బ్రాంచి అంటే భారతక్కే. పోచంపల్లి నేతవాళ్ల ఆడపడుచు. గడ్డిఅన్నారం మార్కెట్ బత్తాయిలు ఒలిచి, వచ్చినవాళ్లకు సగం పెట్టి, ఆ తర్వాతే కోర్సుల సంగతి ఎత్తేది, పోతూంటే సెంటర్ కార్డొకటి చేతిలో పెట్టేది. వెబ్‌సైట్ చూసేదీ, నెట్‌లో ప్రకటనలు వేసేదీ నేను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. బంద్ అంటే ఆఫీసుకు తాళం, వెబ్‌సైట్‌కు మాత్రం లేదు. మర్నాడు తెరిచి చూస్తే, కోర్సుల్లో చేరతామని జనం నింపి పంపిన ఫారాలు ఎన్నంటే, కంప్యూటర్ వేడికి పక్కన పెట్టిన టీ మళ్లీ కాగేది. నింపినవాళ్లు ఏ ప్రకటన నొక్కి వచ్చారో దానంతటదే రాసుకునే గడి ఒకటి, ఎవరికీ కనపడకుండా ఆ ఫారంలో పెట్టాను. చిక్కేమిటంటే, చాలా గడులు ఖాళీగా వచ్చేవి. ఖాళీలు చూస్తే సెంటర్ యజమాని మా సారుకు చిరాకు. అందుకని అన్నిటిలోనూ ‘నెట్ ప్రకటన’ అని నింపేశాను. నాకూ కాస్త పేరొచ్చింది.

సారు ఆ రిపోర్టు చూసి, “అంతా నెట్ నుంచే వస్తుంటే ఎల్బీనగర్ బ్రాంచి దేనికండీ? నెలాఖరుకి ఎత్తేద్దాం” అన్నారు. ఎత్తేయడమంటే భారతక్క ఉద్యోగం పోవడమే.

సంగతి తెలిసి, ఆర్టీసీ సమ్మెతో బస్సులు లేకపోయినా అక్క మా ఆఫీసుకు నడుచుకుంటూ వచ్చేసింది. “జర ఆ ఫారాలు చూపియ్ తమ్మీ” అంది. పేర్లు చూసి, ఫోన్ తీసి వరసగా పది మందికి చేసింది. “బిడ్డా, మా వెబ్‌సైట్ సంగతి నీకెవరు చెప్పిన్రు?” ఏడుగురిదీ ఒకటే మాట: “మీరిచ్చిన కార్డు మీది అడ్రసు చూసి కొట్టిన మేడం.”

“మరి గీళ్ల పక్కన నీ ప్రకటన పేరెందుకున్నది?”

“అడ్రసు చేత్తో కొట్టి వస్తే ఎలా తెలిసి వచ్చారో కంప్యూటర్‌కి తెలీదక్కా. ఖాళీగా ఉంటే బాగోదని...”

“బాగుండనీకి అబద్ధమా? మంచిగ నేర్చినవ్ పో!” తిడుతుందనుకున్నాను. బత్తాయి తొన చేతిలో పెట్టింది. “మా ఇంట్ల రంగుల ముంచకముందే నూలుకు ముడి ఏస్తం. ఏ పోగుకు ఏ రంగో గప్పుడే ఖాయం. నేసినంక చీరనడిగితే ఏం చెప్తది? నా కార్డు మీద అడ్రసు చివర ఇంకో అక్షరం తగిలియ్. గది కొట్టినోళ్లు నా దగ్గరినుంచి వచ్చినోళ్లు.”

అంత చదువు చదివిన నాకు అది తట్టలేదు. గుండె చిక్కబట్టుకుని సారు గదిలోకి వెళ్లి, “ఆ గడులు నేను నింపినవే సార్, రెండు వారాలు ఆగండి” అన్నాను. కొత్త కార్డులు పంచాక, ఎల్బీనగర్ అక్షరంతోనే ఎక్కువ ఫారాలు వచ్చాయి. బ్రాంచి నిలిచింది. ఇప్పటికీ ఎంత పెద్ద కంపెనీకి రిపోర్టు రాసినా, తెలియనిచోట ‘తెలియదు’ అనే రాస్తాను. నా రాతల్లో నిజాయితీ ఉందంటే అక్కడొక్కచోటే.

మిగతా కోతలు మీరే పట్టుకోండి గానీ, ఒకటి మాత్రం నేనే ఒప్పుకోవాలి. సారు ముందు నేను నోరు విప్పలేదు. తలుపు పక్కన నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. “ఫారంల చిన్న తప్పున్నది సార్, తమ్మి సరిచేస్తుండు, రెండు వారాలు ఆగుండ్రి” అని చెప్పింది భారతక్కే. ఊడబోతున్న ఉద్యోగం తనదే అయినా, నా పేరు చెప్పలేదు.