మావయ్య వినలేకపోయిన చిన్న పాట

మా మావయ్య పోయాడన్న కబురు నేను కోర్బాలో బ్యాంకు కౌంటర్ దగ్గర కూర్చుని ఉండగా వచ్చింది. ఫోన్‌లో అత్త. "ఒచ్చీయే అమ్మీ, మీ మావయ్య ఎల్లిపోనాడు" అంది, అంతే. పొద్దున్న టీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడట. కౌంటర్ పక్కవాళ్ళకి అప్పగించి బిలాస్‌పూర్ బస్సెక్కేశాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను, కానీ నా నాలుక మీద మాత్రం ఒక వీడియో గేము పాట ఆడుతూనే ఉంది. చావింటికి వెళ్తూ ఇదేం బుద్ధి అని మీరు అనుకుంటారు. ఆ పాట సంగతి చెప్పకుండా ఆయన గురించి చెప్పడం నా వల్ల కాదు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు, గూడ్సు డ్రైవరు. మా తాతయ్య శ్రీకాకుళం నుంచి రైల్వే పనికొచ్చి బిలాస్‌పూర్‌లోనే ఉండిపోయారు. నేను కాలేజీ చదువుకని వచ్చి మావయ్య రైల్వే క్వార్టర్‌లో చేరేసరికి వాళ్ళమ్మాయికి పెళ్ళయి వెళ్ళిపోయింది. ఇల్లు బోసిగా ఉంది. "ఈ గుంటకి తోచడం నేదు పాపం" అని ఒకనాడు టీవీకి తగిలించే గేము కొనుక్కొచ్చాడు. నాకోసమట. డబ్బా విప్పింది మొదలు సాయంత్రం దాకా జాయ్‌స్టిక్ నా చేతికిస్తే ఒట్టు. అత్త రెండుసార్లు అన్నానికి పిలిచి, మూడోసారి టీవీ ముందే కంచం పెట్టేసి పోయింది.

ఇంజన్‌లో ఒక పద్ధతుంది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు పైకి చెప్పాలి, డ్రైవరు అదే మాట తిరిగి అనాలి. ఇద్దరి నోటా ఒకే మాట వస్తేనే ఇద్దరూ ఒకటే చూసినట్టు. మావయ్య ఈ పద్ధతిని తీసుకొచ్చి గేములో పెట్టేశాడు. మా గేములో టోపీ పెట్టుకున్న బుడతడొకడు పరిగెత్తుతూ ఉంటాడు. "ముందు గుంత" అని నేననాలి. "ముందు గుంత" అని తానూ అని, అప్పుడు వాణ్ణి గెంతించేవాడు. ఆయన జవాబు వచ్చేదాకా నేను ఇంకేమీ చెయ్యకూడదు, చెప్పకూడదు. కాలనీ పిల్లలు మొదట్లో మమ్మల్ని చూసి పడీ పడీ నవ్వేవారు. తర్వాత వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళూ అలాగే అరుచుకుంటూ ఆడేవారు, హిందీలో.

ఆయనకి గేముల మీద ఉన్నన్ని అభిప్రాయాలు రాజకీయాల మీద కూడా లేవు. పైనుంచి ఇటుకలు పడుతుంటే వరసలు పేర్చే ఆట ఆయన లెక్కలో అన్నిటికంటే పెద్దమనిషి ఆట. "అచ్చం యార్డు లాగుంటాదే, ఎక్కడి బండి అక్కడ పెట్టుకోవాలి, ఎవుడూ సావడు" అనేవాడు. టైము అయిపోతుంటే పాట జోరందుకునే ఆటలంటే మంట. తొందరలో ఉన్నవాణ్ణి ఇంకా తొందరపెట్టేవాడు శత్రువే గాని సంగీతగాడు కాదనేవాడు. మంచి పాటకి గుర్తు ఏమిటని అడిగాను ఒకసారి. "ఆట కట్టీసి డ్యూటీకెల్లినా కూడా నోట్లో ఉండాల, పనికి మాత్రం అడ్డం రాకూడదు" అన్నాడు. టోపీ బుడతడి పాట అలాంటిదట. గతౌరా స్టేషను దగ్గర లైను క్లియరు కోసం బండి ఆపుకుని నిలబడ్డప్పుడల్లా ఈల వేసుకునేవాడట. ఆయన అసిస్టెంటు మా ఇంటికొచ్చి, ఆ పాట తనకీ పట్టుకుందని అత్త దగ్గర మొత్తుకున్నాడు.

ఆ ఏడు ఎండాకాలంలో, కోర్బా నుంచి బొగ్గు బండి తెస్తుంటే, గతౌరా దాటాక, పట్టపగలు, ఒక ముసలామె నెత్తి మీద కట్టెలమోపుతో పట్టాలు దాటబోయింది. హారన్ కొట్టాడు, బ్రేకు వేశాడు. నిండు బండి ఆగమంటే ఆగదు.

సిగ్నల్ గ్రీన్‌లో ఉంది, ఆయన తప్పు ఇసుమంతైనా లేదని అందరూ తేల్చారు. ఇంటికొచ్చిన ప్రతివాడూ అదే చెప్పాడు. మావయ్య తల ఊపి ఊరుకునేవాడు. సెలవు పెట్టేశాడు. ఇక ఇంజన్ ఎక్కనని, షెడ్డులో ఏదో ఒక పని అడుగుతానని అన్నాడు. గేము డబ్బా బీరువా మీదికి చేరింది. అత్త నన్ను వంటింట్లోకి లాగి, "షెడ్డుకెల్తే ఎల్లనీ, పనేదైనా పనే. కానీ ఈ మనిషి ఇలా నోరు మూసుకుని ఉండిపోతే నానేటి సెయ్యాలే?" అంది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూడడం అదే మొదలు. నాకూ భయం పట్టుకుంది. ఇంటి మనిషి ఇంట్లోనే ఉండి కనబడకుండా పోతున్నట్టుంది.

ఆ మర్నాడే బీరువా మీంచి గేము దింపాను. ఏమైతే అయిందని తీగలు తగిలించేశాను. ఆయన మంచం మీంచి లేవకుండానే, "ఒద్దే అమ్మీ" అన్నాడు.

"ఎందుకొద్దు మావయ్యా?"

గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత అన్నాడు. "ఆ గుంటడు గుంతలో పడితే ఒక పాట ఒస్తాది సూడు. ఎగతాళి పాట. అది ఇనలేను."

ఎవరైనా అయితే ఆట వద్దులే అని తీసి పైన పెట్టేసేవారు. నాకు మొండితనం ఎక్కువ. మాది తిప్పుడు బటన్ ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. నేను టీవీ పక్కన, చెయ్యి బటన్ మీద వేసి కూర్చుంటాను, వాడు పడిపోతాడని తోచగానే సౌండు కట్టేస్తాను, ఆ పాట రానివ్వను అన్నాను. ఆయన నన్ను, బటన్‌ని మార్చి మార్చి చూశాడు. "అచ్ఛా, సెప్పి తిప్పాలి మరి" అన్నాడు. పద్ధతి పద్ధతే.

అలా మొదలైంది. బుడతడు తూలగానే నేను "సౌండు ఆఫ్" అనేదాన్ని. "సౌండు ఆఫ్" అని ఆయన అనేవాడు. బటన్ తిప్పేసేదాన్ని. వాడు చప్పుడు లేకుండా పడిపోయి, మళ్ళీ లేచి నిలబడ్డాక "సౌండు ఆన్". ఆయన నోట ఇంట్లో రోజంతా వినబడే మాటలు ఆ రెండే. అత్త వంటింట్లో గరిటె ఆపి మరీ ఆ రెండు మాటలూ వినేది. నాకది తెలుసు.

ఒక మధ్యాహ్నం బుడతడు వంతెన అంచు మీదికి వచ్చాడు. "సౌండు ఆఫ్" అన్నాను. జవాబు లేదు. మళ్ళీ అన్నాను. ఆయన తెర వంకే చూస్తున్నాడు, పెదవి కదపలేదు. ఇంకెవరైనా అయితే టక్కున తిప్పేసేవారు. ఆయన తయారుచేసిన అసిస్టెంటుని నేను, జవాబు లేనిదే చెయ్యి కదలలేదు. బుడతడు పడిపోయాడు. పాట వచ్చేసింది.

ఆయన కదలకుండా చివరిదాకా విన్నాడు. జాయ్‌స్టిక్ నేల మీద పెట్టాడు.

"ఎంత చిన్న పాటే అమ్మీ" అన్నాడు. "సానా పెద్దదనుకున్నాను."

అప్పుడు చెప్పాడు. ఆమె ఆకుపచ్చ చీర గురించి, కట్టెలు పట్టాల వెంబడి చెల్లాచెదురైపోయిన సంగతి, తాను దిగి ఆమె దగ్గరికి నడవడం. "మీ ఆటల్లో పడిపోనోడు మాయమైపోతాడు. అదొక్కటే నాకు నచ్చనిది. నిజంగా అయితే ఎవురో ఒకరు దిగి ఎల్లాలి" అన్నాడు. చెప్తూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పాలు తెచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి నిలబడి గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

ఆయన కావాలనే జవాబివ్వలేదా, లేక మరిచాడా అన్నది నేను అడగలేదు. కొన్నాళ్ళకి ఇంజన్ ఎక్కాడు. రిటైరయ్యేదాకా నడిపాడు. ఆ చోటు ఇంకా దూరం ఉండగానే హారన్ మొదలుపెట్టి, దాటేదాకా తీసేవాడు కాదట. ఆ ముసలామె ఇంటికి కూడా వెళ్ళొచ్చాడని చాలాకాలం తర్వాత అత్త చెప్పింది. అక్కడేం మాట్లాడాడో ఆవిడకీ చెప్పలేదు.

తర్వాత బిలాస్‌పూర్‌లోనే, మంగ్లాలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. కలర్ టీవీ వచ్చినా గేముకి మాత్రం పాత టీవీయే. చుట్టుపక్కల పిల్లలు వచ్చి ఆడేవారు, చచ్చిపోవడం గురించి ఏది పడితే అది అడిగేవారు. వాళ్ళ అంకుల్ అన్నిటికీ జవాబు చెప్పేవాడు. పిల్లల దగ్గర ఆ మాటలేంటని పక్కింటివాళ్ళు అంటే, "పొద్దున్న లెగిస్తే ఆటలో సంపుతానే ఉన్నారు కదా, ఒక్క నిమిషం మాట్లాడుకుంటే తప్పేటి?" అనేవాడు. నాకు ఈ లోకంలో అంత నెమ్మదిగా జవాబు చెప్పేవాళ్ళు ఇంకెవరూ దొరకలేదు. ఆయన లేని లోటు నాకు అక్కడే ఎక్కువ తెలుస్తోంది.

పెద్దకర్మ అయిన మర్నాడు చుట్టాలందరూ వెళ్ళిపోయారు. ముందుగదిలో ఆయన మనవలిద్దరూ పాత టీవీ పెట్టుకుని ఆడుతున్నారు. చావిల్లని వాళ్ళకి ఎవరు చెప్పారో గాని, సౌండు పూర్తిగా తగ్గించి, పెదాలు మాత్రం కదుపుతూ గుంతలూ వంతెనలూ చెప్పుకుంటున్నారు. నేను వెళ్ళి టీవీ పక్కన, నా పాత చోట్లో కూర్చున్నాను. బటన్ మీద చెయ్యి వేశాను.

"సౌండు ఆన్" అన్నాను.

పిల్లలు నా వంక చూశారు. వాళ్ళకి ఆ మాటకి జవాబు తెలీదు. బటన్ తిప్పడానికి నా చెయ్యి రాలేదు. అలాగే కూర్చున్నాను.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"సౌండు ఆన్" అంది అత్త.