సాపు

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో ఒక కొత్త గోడకు సిమెంటు గిలాబు చేస్తున్న పీరయ్య జేబులో ఫోను మోగి ఆగింది. మళ్ళీ మోగింది, మళ్ళీ ఆగింది. భార్య సునీత మిస్డ్ కాల్ ఒక్కసారే ఇస్తుంది. అతను తాపీ పక్కన పెట్టి తానే ఫోను చేశాడు.

"బురుజు కాడికి జేసీబీ వచ్చింది. సాపు చెయ్యిమని నువ్వే చెప్పినవట గదా?"



నిజాం కాలంలో రజాకార్లు ఊరి మీద పడిననాడు కమ్యూనిస్టు సంగపోళ్ళు ఆ మట్టి బురుజెక్కి ఒడిసెలలతో ఎదిరించారు. పీరయ్య తాత, అంటే తల్లి ముత్యవ్వ తండ్రి, అక్కడే నేలకొరిగాడు. వీరత్వమనే మాట ఆ ఊళ్ళో పెద్దగా వినిపించదు. పండుగకు బురుజును అలికే ఆడవాళ్ళు మాత్రం తూటాల గుంతల చుట్టూ చెయ్యి తిప్పి, వాటిని పూడ్చకుండా వదిలేస్తారు. ఆ యుద్ధానికి మిగిలిన రాత అదొక్కటే.

బురుజు చుట్టూ తుమ్మలు మొలిచాయని విని, సాపు చేయించమని సర్పంచ్ భోజన్నకు పీరయ్యే కబురు పెట్టాడు. ఏళ్ళ తరబడి సైటు హిందీలో నానిన నాలుక మీద ఆ మాటకు శుభ్రమనే అర్థం. ఊళ్ళో సాపు చేయడమంటే నేలమట్టం చేయడం.

"భోజన్నకియ్యి ఫోను!"

"జేసీబీ అవుతల ఉన్నడు. మొత్తుకున్నా ఇనవడ్తలేదు."

"అమ్మేది?"

"బురుజు గోడకు ఆనుకొని కూసున్నది. లేవనంటున్నది."

ఫోనులో ఏదో కూలిన చప్పుడు. సునీత కేక. తర్వాత యంత్రం రొద తప్ప ఏమీ లేదు. పీరయ్య సునీతను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు.

"ఏందిరా పీరిగా!" సునీత ఫోను పట్టుకుపోయి ఇచ్చినట్టుంది, భోజన్న గొంతు. "నువ్వేమో సాపు చెయ్యమంటివి, మీ అవ్వేమో అడ్డం కూసుండె. సౌదీల ఉండి ఆటలాడుతున్నవా?"

"సాపంటే చెట్లు కొట్టుమన్న, సర్పంచ్ సాబ్! ఈడ సాపంటే ఊడ్సుడు, తుడ్సుడు!"

"మరి తెలుగుల చెప్పద్దార?"

రొద ఆగింది. సునీత ఫోను అందుకుంది. "ఒక దిక్కు కూలింది. తూటాల గుంతల దిక్కే అత్త కూసున్నది. ఆ దిక్కు నిలవడ్డది."

గోడ ఆరిపోతోందని, తొందరగా సాపు చేయమని వెనక నుంచి పాకిస్తానీ ఫోర్‌మన్ అరిచాడు. "దీవార్ సూఖ్ రహీ హై! జల్దీ సాఫ్ కరో!"

తాపీ ఎత్తిన పీరయ్య చెయ్యి గాలిలోనే ఆగింది. ఈసారి అతను ముందు ఆ మాటకు అర్థం అడిగాడు.

"సాఫ్ మత్‌లబ్ క్యా, ఉస్తాద్?"