నాలుగో ప్రశ్న

సోమవారం పొద్దున నేను పాల ప్యాకెట్టు కత్తిరిస్తుంటే మా ఆఫీసు టెస్టింగ్ మేడం వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రోజూ హెల్మెట్ తీయకుండానే "చాయ్ అయిందా అక్కా" అని అడిగే మనిషి, ఆ రోజు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుంది.

"ఇయ్యాల పెద్దసారుకు కప్పు పెట్టకు అక్కా," అన్నది. తర్వాత నేల చూస్తూ, "తెల్లారగట్ల పోయిన్రట," అన్నది.

నేను పాలు పొయ్యి మీద పెట్టాను. అలవాటుగా పది కప్పులు కడిగాను. ఒకటి మళ్లీ తుడిచి అలమారలో పెట్టేశాను.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో ఉంది మా ఆఫీసు. దుకాణాలకు కంప్యూటరు ప్రోగ్రాములు రాసి ఇస్తారు. పెద్దసారుతో కలిపి రాసేవాళ్లు తొమ్మిది మంది. ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టేది నేను. మా ఆయన మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల దుకాణంలో చేస్తాడు. నాంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాం. నేను చదివింది ఐదో తరగతి. పెద్దసారు గురించి రాయడానికి నాకంటే తెలిసినవాళ్లు ఉన్నారు. కానీ ఆయన నన్ను రోజూ ఒక ప్రశ్న అడిగేవారు. ఆ సంగతి నేను కాక ఇంకెవరు రాస్తారు?

ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. పొద్దున పదకొండింటికి అందరూ గుండ్రంగా నిలబడతారు. కూర్చుంటే మాటలు సాగుతాయని నిలబడే మాట్లాడుకుంటారు. ఒక్కొక్కరూ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఎక్కడ ఆగిపోయావు. అంతటితో అయిపోవాలి. పెద్దసారు దానికి నాలుగోది కలిపారు. "ఇంట్లో ఏంటి విశేషం?"

దాంతో రోజూ అసలు పని కంటే ఆ ముచ్చటే ఎక్కువయ్యేది. ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే టెస్టింగ్ మేడం, వాళ్ల కుక్క చెప్పు కొరికిందని చెప్పేది. ఒకాయన ఇంట్లో గాజు తొట్టిలో చేపలు పెంచుతాడు, నేను ఆయన్ని చేపల సార్ అంటాను. ఆయన చేపలు మేత తినకపోతే తనే తిననంత దిగులుగా ఉండేవాడు. దసరాకి ఎవరెక్కడికి పోతున్నారు, రైలు టికెట్లు దొరికాయా, శుక్రవారం సెలవు పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయా, ఇవే మాటలు. పెద్దసారు వాళ్ల పిల్లి పేరు బెల్లం. రంగు కూడా అదే. అది ఎక్కడ పడుకుందో ఆయన రోజూ చెప్పేవారు.

నేను ట్రేతో గుమ్మం దగ్గర నిలబడి వినేదాన్ని. చేరిన వారానికే ఆయన నావైపు తిరిగి, "లోపలికి రామ్మా, వరసలో నువ్వూ ఉన్నావుగా. ఇంట్లో ఏంటి విశేషం?" అన్నారు.

తొమ్మిది మంది నన్నే చూస్తున్నారు. "ఏం లేదు సార్," అన్నాను.

"సరే. రేపు ఏం లేదో చెప్పు," అన్నారు.

మరుసటి రోజూ అడిగారు, ఆ మరుసటి రోజూ అడిగారు. రెండు నెలలు నేను ఏం లేదు సార్ అనే అన్నాను. ఆయన విసుక్కోలేదు. వదలనూ లేదు.

ఈ లోపల ఒక గొడవ జరిగింది. వాళ్లు ప్రోగ్రాము సరిగ్గా నడుస్తుందో లేదో చూడటానికి ఉత్తుత్తి పేర్లు పెట్టి చూస్తారట. చేపల సార్ ఒక బట్టల దుకాణం పనిలో పెద్దసారు పిల్లి పేరు పెట్టాడు. తీసేయడం మర్చిపోయాడు. ఒక సాయంత్రం ఆ దుకాణంలో చీరలు కొన్నవాళ్లందరి ఫోన్లకూ "బెల్లం గారూ, మీ జాకెట్టు కుట్టడం అయింది, వచ్చి తీసుకోండి" అని మెసేజ్ పోయింది. దుకాణం ఆయన ఫోన్లో అరుస్తుంటే గోడ అవతల నాకు కూడా వినిపించింది. చేపల సార్ మొహంలో రక్తం లేదు.

పెద్దసారు ఫోను అందుకున్నారు. "పిల్లి నాదండీ, కాబట్టి తప్పూ నాదే," అన్నారు. అవతల ఏమన్నారో గానీ చివరకు ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోను పెట్టేసి చేపల సార్‌తో, "జాకెట్టు సంగతి దానికి నువ్వే చెప్పాలి. నిన్నటి నుంచి ఎదురు చూస్తోంది," అన్నారు. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అక్కడ నేను పైకి నవ్వడం అదే మొదలు.

మరుసటి రోజు ఆయన అడిగినప్పుడు నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నాకు సెలవు లేదు సార్."

ఎవరూ ఇవ్వననలేదు. నేను అడగలేదు. గోడ మీద తెల్ల బోర్డు ఉంది, దాని మీద అందరి పేర్లు, పక్కన సెలవుల గళ్లు. అందులో నా పేరు లేదు. ఆయన నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లి అడుగున నా పేరు రాశారు. స్కేలు పెట్టి గళ్లు గీశారు. "జ్వరానికీ పెళ్లికీ పెట్టేది సెలవు కాదమ్మా. ఏ పనీ లేకుండా ఒకటి పెట్టు, చూద్దాం," అన్నారు.

మా ఆయనకు బుధవారం సెలవు. ఆ రోజే నేనూ పెట్టాను. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం తిందామన్నాను.

"సెలవు పెట్టించి మళ్ల పని కాడికే తీస్కపోతున్నవా?" అన్నాడు మా ఆయన.

"నువ్వు రోజూ చూసుడే గని ఒక్కనాడన్న తిన్నవా?" అన్నాను. ఇద్దరం సీతాఫలం ఐస్‌క్రీం తిన్నాం. మళ్లీ ఇంకొకటి తిన్నాం.

గురువారం పదకొండింటికి అదే చెప్పాను. తొమ్మిది మందీ విన్నారు. "రెండోది ఎవరు అడిగారు?" అన్నారు పెద్దసారు. "నేనే సార్," అన్నాను. "సెలవంటే అదీ," అన్నారు.

తర్వాత ఆయనకు ఒంట్లో బాగాలేకుండా పోయింది. మెట్లు ఎక్కలేక ఇంటి నుంచే కంప్యూటర్లో కనిపించేవారు. ఇక్కడ ఒక లాప్‌టాప్‌ని స్టూలు మీద పెట్టి వరసలో ఆయన చోట ఉంచేవాళ్లం. "మీరంతా నిలబడ్డారు, నేనొక్కణ్ణే పడుకున్నాను," అని ఆయనే నవ్వేవారు. మధ్యలో బెల్లం తోక తెర మీద అటూ ఇటూ పోయేది. మొదటి రోజు నేను అందరికీ ఇచ్చినట్టే స్టూలు మీద కూడా ఒక కప్పు చాయ్ పెట్టేశాను. పెట్టాక గానీ నా తెలివితక్కువతనం నాకు తెలియలేదు. తీయబోతే ఆయన, "ఉండనీ తల్లీ. ఆవిరి కనిపిస్తోంది, చాలు," అన్నారు. ఆ తర్వాత రోజూ పెట్టాను.

ఆయన పోయాక వరస ఆగలేదు గానీ మూడు ప్రశ్నలే మిగిలాయి. ఇప్పుడు చేపల సార్ నడిపిస్తాడు. "జర జల్దీ కానియ్యిన్రి," అంటాడు. నాలుగోది అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. నా వంతు దానిలోనే ఉండేది. అది పోయింది కాబట్టి నేను మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చాను. ఇంక కొన్నాళ్లు పోతే ఇలాగే అలవాటైపోతుందని నాకు భయం వేసింది.

ఒక ఆదివారం లక్డీకాపూల్‌లో పెద్దసారు వాళ్ల ఇంటికి వెళ్లాను. సారు భార్య, అమ్మగారు, నన్ను ఎప్పుడూ చూడలేదు, కానీ "ఐస్‌క్రీం అమ్మాయివి కదూ?" అన్నారు. ఆయన మంచం పక్క బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. దాని పక్కనే బెల్లం పడుకుని ఉంది.

"పదకొండయితే చాలు, వచ్చి ఇక్కడే కూర్చుంటుంది. మూసి ఉంటే అరుస్తుంది. అందుకని రోజూ తెరిచి పెడుతున్నానమ్మా. వెచ్చగా ఉంటుందనుకుంటా," అన్నారు అమ్మగారు.

మర్నాడు సోమవారం అందరి మూడు ప్రశ్నలూ అయిపోయాయి. చేపల సార్ తన కుర్చీ వైపు కదులుతున్నాడు.

"సార్, నాలుగోది ఉండిపోయింది," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ట్రే పట్టుకునే రెండడుగులు లోపలికి వేసి, అమ్మగారింట్లో చూసింది చెప్పాను. టెస్టింగ్ మేడం ముక్కు తుడుచుకుని, "పదకొండు దాటింది కదా. అది కూసున్నట్టే ఉంటది," అన్నది. చేపల సార్ వెళ్లి స్టూలు తెచ్చాడు. లాప్‌టాప్ పెట్టి కాల్ కలిపాడు. నాలుగు రింగుల తర్వాత అమ్మగారు ఎత్తారు.

తెర నిండా బెల్లం రంగు వీపు. ఒక చెవి కదిలింది.

"ఇంట్లో ఏంది విశేషం?" అన్నాడు చేపల సార్, ఎవరినీ చూడకుండా.

నేను అలమారలోంచి పదో కప్పు తీసి, చాయ్ పోసి స్టూలు మీద పెట్టాను. టెస్టింగ్ మేడం కుక్క మళ్లీ ఏదో చెప్పు కొరికిందట, ఆమె అది చెబుతోంది. కప్పులోంచి ఆవిరి లేచి తెర మీదికి పోతోంది.