నోరు మూయించి చేర్చిన బడి

మా చెల్లికి పుట్టుకతోనే వినపడదు. మైలవరం బళ్లో పంతులు గారు "దీనికి నేనేం చెప్పనమ్మా, గోడకి చెప్పినట్టే" అని మొదటివారమే ఇంటికి పంపేశారు. ఆ డెబ్బైల్లో మా వైపు అలాంటి పిల్లలు గేదెల వెంట తిరుగుతూ పెరిగేవాళ్లు. వినపడని పిల్లలకు ప్రభుత్వం హాస్టలుతో సహా బడి నడుపుతోందని, బెజవాడ ఆసుపత్రిలో డాక్టరు పరీక్షించి చెవుడని తేలిస్తే చాలని మా చర్చికి వచ్చే ఒక నర్సమ్మ చెప్పింది.

మా అమ్మ సండే స్కూలు నడిపేది. పరీక్ష అన్న మాట వింటే ఊరుకునే మనిషా! తెలివైన పిల్ల అనిపిస్తే తప్ప సీటివ్వరని ఆవిడ నమ్మకం. బళ్లో చేరాలంటే ఎవరైనా అడిగేవి అవే కదా: పేరేంటి, నాన్న ఏం చేస్తాడు, ఏ ఊరు. వేసవంతా చెల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పెదాలు చూపించి, తన గొంతు మీద దాని చెయ్యి పెట్టించి ఆ మూడింటికీ జవాబులు పలికించింది. మాట ముద్దముద్దగానే వచ్చేది, కానీ వచ్చేది. అది "అమ్మా" అని మొదటిసారి పిలిచిన రోజు మా అమ్మ పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా లేవకుండా ఏడ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు చెల్లికి ఎదురుగా కూర్చుని నవ్వుతూ అడిగాడు. అవే మూడు, అదే వరసలో. మా చెల్లి టకటకా చెప్పేసింది.

"శుభ్రంగా వినపడుతోందిగా! కాస్త నత్తి, అంతే" అన్నాడు.

"లేదండీ, వినపడదండీ. నేనే నేర్పించానండీ. ఒక్కసారి వెనకనుంచి పిలిచి చూడండి" అని అమ్మ బతిమాలింది.

"హాస్టల్లో తిండి ఊరికే వస్తుందని ఇలాంటి నాటకాలు రోజూ చూస్తున్నానమ్మా. తరవాత ఎవరు?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది. బడి పెట్టిన ప్రభుత్వానికి దండం పెడతాను. కానీ దాని గుమ్మంలో కూర్చోబెట్టిన ఆ డాక్టరుకి లేచి, పిల్ల వెనక్కి వెళ్లి, ఒక్కసారి చప్పట్లు కొట్టే తీరిక లేకపోయె! పాపం, చెల్లి మాత్రం తను నెగ్గానే అనుకుంది. బస్సులో కండక్టరుకి కూడా తన పేరూ ఊరూ చెప్పింది.

మరుసటి ఏడు కూడా తప్పితే వయసు దాటిపోతుందని నర్సమ్మ హెచ్చరించింది. ఈసారి అమ్మ నేర్పింది వేరు. చెల్లి నోరు తెరిస్తే చాలు, వేలితో పెదాలు మూసేది. "అమ్మా" అని పిలిచినా మొహం తిప్పుకునేది. ఒకసారి చెంప మీద కొట్టింది కూడా. కొట్టి, దొడ్లోకి పోయి కూర్చుంది.

"దాన్నెందుకమ్మా అలా చంపుకు తింటావు?" అని అడిగాను.

"అది మాట్లాడితే సర్కారు వాళ్లకి చెవుడు కనపడదంటే నన్నేం చెయ్యమంటావే?" అంది.

అదే డాక్టరు అవే ప్రశ్నలు అడిగాడు. చెల్లి బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. క్షణాల మీద పని అయిపోయింది.

క్రిస్మస్ సెలవులకు హాస్టలు నుంచి వచ్చి పలక మీద మా అందరి పేర్లూ రాసింది. నాన్న ఆ పలక పట్టుకుని వీధంతా తిరిగాడు. అమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఇంక భయం లేదే. అమ్మా అను తల్లీ, ఒక్కసారి అను" అంది. చెల్లికి అర్థమైంది. పెదాలు గట్టిగా బిగించి, తల అడ్డంగా ఊపి, చెప్పిన మాట తప్పని పిల్లలా నవ్వింది. ఆ పిలుపు మళ్లీ దాని నోట మేమెవరమూ వినలేదు.