క్యాలెండరు కాగితమూ, నాయిన గడ్డి మిషనూ

పొద్దున్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. రేపు ఇంటి ముందు లాన్‌లోనే చెల్లెలి నిశ్చితార్థం. కిరాయికి తెచ్చిన పెట్రోలు మిషను గడ్డిని కోయకుండా పీకి పెట్టింది. కొసలన్నీ తెల్లగా చిరిగాయి. దాన్ని ఆపించి, నాయిన బతికుండగా తోసిన పాత మిషన్ని షెడ్డులోంచి లాగాను.

మెదక్ చర్చి వెనక గల్లీలో నాతో పెరిగినవాళ్ళారా, గుర్తుందా? గుండ్రంగా తిరిగే కత్తులు, వాటి కింద కదలని ఇనుప పట్టీ, కిరోసిన్ వాసన. నూనెలో కలిపిన ఎమరీ పొడి పూసి, కత్తులను వెనక్కి తిప్పుతూ నాయిన సాన పట్టేవాడు. తర్వాత పాత క్యాలెండరు ముక్క కత్తికీ పట్టీకీ మధ్య పెట్టి తెగుతుందో లేదో చూసేవాడు. అన్నం కూడా నిలబడే తినే మనిషి, అప్పుడు మాత్రం కదలకుండా కూర్చుని మనందరినీ గదిమేవాడు.

"సప్పుడు జెయ్యకుండ్రి! కత్తి పట్టీకి జర తాకాలె, గంతే. గుర్రుమంటె బిగువైనట్టు."

పట్టీని కత్తులకు దగ్గర చేసే స్క్రూలు నేను బిగించాను. ఓ కాగితం ముక్క పెట్టి చూస్తే ఎడమవైపు తెగింది, కుడివైపు మడత పడింది. విసుగొచ్చి ఇంకా బిగించాను. కత్తులు గుర్రుమని ఆగిపోయాయి.

"సుట్టాలొచ్చే యాళ్లకు గా తుప్పు మిషనేందే?" వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

స్క్రూ వదులు చేసి, ఈసారి వెంట్రుకవాసి తిప్పాను.

"అమ్మా, సప్పుడు జెయ్యకు!"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి అమ్మ గోడ క్యాలెండరులోంచి పోయిన నెల కాగితం చింపి తెచ్చి, మడతపడ్డ ముక్కను చూసి నా పక్కన కూర్చుంది.

"కుడిదిక్కు వెట్టు," అంది మెల్లగా.