బ్యాండు మేళాన్ని తరిమిన పెళ్లి కారు

పెళ్లి ఊరేగింపులో పెళ్లికొడుకు కారు బ్యాండు మేళాన్ని తరమడం మీరెప్పుడైనా చూశారా? చూడలేదంటే మా తమ్ముడి పెళ్లికి రాలేదన్నమాట. ఆ ఘనకార్యం నాదే. సావకాశంగా కూర్చోండి, చెబుతాను.

మా నాన్నకి ఓ పాతకాలపు పెట్రోలు కారుంది. బందరులో మా వీధివాళ్లు దాన్ని పొగని బట్టే గుర్తుపడతారు. వేగంగా వెళ్తే బాగానే వెళ్తుంది గానీ, నెమ్మదిగా నడిపితే మాత్రం రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. తమ్ముడికి పామర్రు సంబంధం కుదిరింది. ఊరేగింపు ఆ కారులోనే జరగాలని నాన్న పట్టుబట్టారు.

"ఊరేగింపంటే నడక వేగం నాన్నా! అడుగడుక్కీ ఆగిపోతుంది. అద్దె కారు మాట్లాడదాం," అని తమ్ముడు మొత్తుకున్నాడు.

"నేనుండగా అద్దె కారెందుకురా?" అన్నాను.

అప్పటికి నా డ్రైవింగ్ లైసెన్సు కొత్తది. ఫోనులో కారు రిపేరు వీడియోలు చూసే జబ్బు ఇంకా కొత్తది. యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఇంజిన్ ఆగకుండా తిరిగే వేగాన్ని ఐడ్లింగ్ అంటారనీ, దాన్ని పెంచడానికి కార్బురేటర్ పక్కన ఓ బుల్లి స్క్రూ ఉంటుందనీ, ప్రత్యేకమైన పనిముట్లేవీ అక్కర్లేదనీ నేర్చేసుకున్నాను. 'ముందు ఇంజిన్‌ని బాగా వేడెక్కనివ్వండి' అని కూడా ఆ వీడియోలో ఉందట. ఆ ముక్క దగ్గర నేను వీడియోని ముందుకు జరిపేశాను. మేధావులకి అంత తీరిక ఎక్కడిదండీ!

పెళ్లిరోజు పొద్దున్నే విడిదిలో వంటవాళ్లని బతిమాలి వంకాయలు తరిగే కత్తి తెచ్చాను. చల్లగా ఉన్న ఇంజిన్‌ని స్టార్ట్ చేసి, కత్తి మొనతో స్క్రూ తిప్పాను. ఇంజిన్ ముక్కింది. ఇంకాస్త తిప్పాను. మూలిగింది. మళ్లీ తిప్పాను. హాయిగా గుర్రుమంది.

"చాల్లేవే," అన్నారు నాన్న.

"ఉండండి నాన్నా, నడిరోడ్డు మీద పరువు పోకూడదు కదా," అని శుభమా అంటూ ఇంకో తిప్పు తిప్పాను.

తర్వాత వియ్యాలవారు పంపిన మనుషులొచ్చి బానెట్ మీద బంతిపూల దుప్పటి పరిచి, కదలకుండా తాళ్లతో బిగించి, కారు చుట్టూ రంగుల లైట్లు కట్టేశారు.

సాయంత్రం ఊరేగింపు బయల్దేరింది. ముందు బ్యాండు, వెనక కారు, నా మొహంలో రాజసం. కాసేపటికి ఇంజిన్ వేడెక్కింది. కారు దానంతటదే వేగం పుంజుకుంది.

"అక్కా, యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యి!" అన్నాడు తమ్ముడు వెనక సీట్లోంచి.

"ఎప్పుడో తీసేశాన్రా!"

"మరి ఎవరు తొక్కుతున్నారు?"

క్లారినెట్ ఆయన వెనక్కి తిరిగి చూసి, పీక్కి అడ్డంపడ్డ స్వరంతో సహా పరుగందుకున్నాడు. కల్యాణి రాగం కాస్తా కబడ్డీ కూతలా తయారైంది. పెద్ద డోలు మోస్తున్నాయన డోలుని వాయిస్తున్నాడో, డోలే ఆయన్ని వాయిస్తోందో తెలియలేదు.

క్లచ్ నొక్కి బ్రేక్ వేశాను. కారు ఆగింది. కానీ పొలాల్లో డీజిల్ ఇంజిన్లు అరడజను ఒక్కసారే మొదలైనట్టు రొద! బ్యాండు మాస్టారు రొప్పుతూ కిటికీ దగ్గరికొచ్చాడు.

"అమ్మగారూ, ఇది ఊరేగింపాండీ, పరుగుపందెమాండీ? ముందే చెప్తే బూట్లేసుకొచ్చేవాళ్లం కదండీ!"

"ఏంటండీ? వినపడట్లేదు!"

అదీ నా పరిస్థితి. క్లచ్ నొక్కితే మేళం వినపడదు, వదిలితే మేళం మిగలదు.

"బానెట్ ఎత్తి ఆ స్క్రూ వెనక్కి తిప్పవే!" అని నాన్న అరిచారు.

"ఎలా నాన్నా? పూలు పీకాలి!"

"వద్దక్కా! మావయ్యగారు ముచ్చటపడి కట్టించారు. పీకితే పెళ్లికి ముందే గొడవ," అన్నాడు తమ్ముడు. చెమటకి వాడి బుగ్గచుక్క మెడ దాకా జారింది. ఈలోగా నేను క్లచ్ నొక్కుతూ వదులుతూ ఉండేసరికి కాలిన కంపు. "ఇంజిన్ ఆపెయ్యక్కా, నీకు పుణ్యముంటుంది!"

ఆపేశాను. ఆహా, ఎంత ప్రశాంతత! మళ్లీ తాళం తిప్పితే 'టక్' మంది, అంతే. ముసలి బ్యాటరీని రంగుల లైట్లు పీల్చి పిప్పి చేసేశాయి.

ఇంకేముంది, నాన్న, పెదనాన్నలు, బాబాయిలు పట్టుపంచెలు ఎగ్గట్టి కారు తోశారు. నేను మాత్రం దర్జాగా స్టీరింగ్ పట్టుకు కూర్చున్నాను. మేళం తీరిగ్గా వాయించింది. కల్యాణ మండపం ముందు తమ్ముడి మామగారు ఎదురొచ్చారు. మండపం లైట్ల జిగేలులో, కారు వెనక చీకట్లో ఏముందో ఆయనకి కనపడలేదు.

"ఎన్నో ఊరేగింపులు చూశాను గానమ్మా, ఇంత నెమ్మదిగా, కుదుపు లేకుండా, చప్పుడే లేకుండా వచ్చిన కారుని ఇప్పుడే చూస్తున్నాను. ఇంజిన్ ఇంత బాగా ఎవరు సెట్ చేశారమ్మా?" అన్నారాయన.

కారు వెనక నుంచి నాన్న గొంతు వినపడింది.

"మేమేనండీ బావగారూ! కాస్త మంచినీళ్లిప్పిస్తారా?"

కనుక, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మా తమ్ముడి పెళ్లి కారు ఐడ్లింగ్ మళ్లీ ముట్టుకోను. వాడికి పెళ్లి అయిపోయింది కాబట్టి, ఈ మాట నిలబెట్టుకోగలననే నమ్మకం నాకుంది.