మిస్ మార్లిస్ అట్టతలుపులు

రోజూ పొద్దున ఎనిమిదింటికి మార్లిస్ డైక్‌స్ట్రా పిల్లల టిఫిన్ డబ్బాలు ఒక్కొక్కటే తెరిచి వాసన చూస్తుంది. చాక్లెట్ దొరికితే చచ్చిన బొద్దింకను ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తి తన సొరుగులో వేస్తుంది. సాయంత్రానికి ఆ సొరుగు ఖాళీ. ఎలా ఖాళీ అవుతుందో ఆమె దగ్గర పనిచేసే టీచర్లం మేమెవరమూ అడగం.

అమెరికాలో మా ఊరు డెమోయిన్‌లో ఆమె నడిపే బడిలో అందరూ మూడు నాలుగేళ్ల వాళ్లే. పిల్లలు దుప్పట్లు కప్పుకుని దెయ్యాలై చీకట్లో ఇంటింటికీ మిఠాయి అడిగే హాలోవీన్ పండగ వాళ్లకు పనికిరాదని పదకొండేళ్ల క్రితం ఆమె ఒక్కతే కనిపెట్టింది. చీకటి భయపెడుతుందట, మిఠాయి పళ్లు పాడుచేస్తుందట. అందుకని అక్టోబరు చివర ఓ పొద్దున 'పంటల స్నేహితుల వేడుక' పెడుతుంది. పిల్లలంతా కూరగాయల వేషాల్లో వస్తారు. హాల్లో మేం నిలబెట్టిన అట్టతలుపులు తట్టి, మా ఊరి పద్ధతిలో తలుపుకో జోకు చెప్పి, మిఠాయికి బదులు ఎండుద్రాక్ష పొట్లం పుచ్చుకుంటారు. ఊళ్లో అయితే పిల్లలు సొంత జోకులే చెబుతారు. వాటికి తలాతోకా లేకపోతేనే పెద్దవాళ్లు ఎక్కువ నవ్వుతారు. మార్లిస్‌కి అది గిట్టదు. జోకులు తనే రాసి, కార్డుల మీద అచ్చువేయించి ఇళ్లకు పంపుతుంది. ఎక్కువ భాగం క్యారెట్ల మీదే.

కిందటేడు లినియా అనే నాలుగేళ్ల పిల్ల చేరింది. ఇంట్లో వాగుడుకాయ. బడిలో మాత్రం ఆగస్టు నుంచి ఒక్క మాట లేదు. వేడుక కోసం తనే ఓ జోకు కట్టుకుని, మూడు వారాలుగా కుక్కకు చెప్పి సాధన చేస్తోందని వాళ్లమ్మ మాతో అంది. ఆ రోజు ఆమె పని మానుకుని వచ్చి గోడవార నిలబడింది.

బఠానీకాయ వేషంలో లినియా మొదటి తలుపు తట్టింది. వెనక మార్లిస్ ఉంది.

"దెయ్యం పళ్లెందుకు తోముకోదు?" అంది లినియా. చిన్న గొంతే, కానీ హాలంతా విన్నాం.

"దెయ్యాలు మన బడికి రావు బంగారం. కార్డులో ఉన్నది చెప్పు. క్యారెట్ ఎందుకు..."

లినియా ఆమె మొహంలోకి చూసింది. మళ్లీ నోరు తెరవలేదు. మార్లిస్ క్యారెట్ జోకు తనే చెప్పి, తనే నవ్వి, పొట్లం ఆ పిల్ల చేతిలో పెట్టి తర్వాతి వాళ్లను పిలిచింది.

వంటమనిషి డోరీన్ ఉండబట్టలేకపోయింది. "ఇన్నాళ్లకి పిల్ల నోరు విప్పితే మూయించావు కదమ్మా, మార్లిస్."

"నియమం అందరికీ ఒకటే, డోరీన్."

ఆ సాయంత్రం ఊళ్లో పిల్లలంతా తలుపులు తడుతుంటే వాళ్లమ్మ లినియాను కూడా వీధిలోకి తీసుకెళ్లింది. మూడో ఇంటి ముసలాయన "ఎందుకు తోముకోదబ్బా?" అని ఓపిగ్గా అడిగాడట. "దానికి పళ్లెక్కడివి, ఒట్టి దుప్పటేగా" అని చెప్పిందట. సోమవారం నుంచి లినియా మా బడికి రాలేదు.

పిల్లలందరూ ఉత్సాహంగా పాల్గొన్నారని మార్లిస్ నివేదిక రాసింది. ఇప్పుడు నెలకో శనివారం చుట్టుపక్కల బడుల టీచర్లకు, చిన్నపిల్లలతో పండగలు ఎలా చేయాలో నేర్పుతోంది.